హక్కు వేరు, ఖైరాతు వేరు
(సంఘం వార్షిక సభలో, పని పోయినవారికి రావలసిన బకాయిల గురించి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ సభలో పిల్లల చదువుల గురించి, పెళ్లి ఖర్చుల గురించి, ఆరోగ్యం గురించి మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. ఈసారి కార్యవర్గం వారు మమ్మల్ని వేరే సంగతి చెప్పమన్నారు. ఉన్న పని ఊడిపోతే, అందులోనూ అది పూటపని అయితే, చేసినవాళ్లకు రావలసింది ఏమైనా ఉంటుందా, ఉంటే దాన్ని ఎట్లా అడగాలి అన్నది ఆ సంగతి. ఇది ఉపన్యాసం కాదు. సహాయ నిధి అర్జీలు చూసే ఉపసంఘం తరఫున మా అనుభవంలోకి వచ్చిన మాటలు, చట్టంలో ఉన్న మాటలు కలిపి చెబుతున్నాము.

మన వాళ్ల ఇళ్లలో పూటపని చేయని ఇల్లు అరుదు. ఉదయం బట్టల కొట్లో లెక్కలు రాసి మధ్యాహ్నం ఇంకోచోట పనిచేసే పిల్లవాడున్నాడు. బ్యాంకులో రెండు గంటలు ఊడ్చి, నీళ్లు పట్టిపెట్టే ఖాలా ఉంది. టైలరు కొట్లో ముక్కకింత అని కుట్టే మనిషి, హోటల్లో సాయంత్రం పూట మాత్రమే నిలబడే మాస్టరు, మార్కాపురం పలకల కార్ఖానాల్లో ప్యాకింగుకు పోయే ఆడవాళ్లు, ఇట్లా చెప్పుకుంటూ పోతే చాలామంది. ఒకప్పుడు ఆ పలకలు దేశమంతటా బడిపిల్లల చేతుల్లో ఉండేవి. నోటుబుక్కులు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. గిరాకీ తగ్గినప్పుడు యజమాని ముందుగా ఎవర్ని వద్దంటాడు? పూటపని వాళ్లనే. "రేపటి నుంచి రావద్దులేమ్మా" అంటే సరిపోతుందని ఆయన అనుకుంటాడు, అంతేనని ఈమె కూడా అనుకుంటుంది. చెప్పు తొడుక్కుని ఇంటికి వచ్చేస్తుంది. నెల తిరిగే సరికి మన సహాయ నిధికి అర్జీ పెడుతుంది.

ఇక్కడే మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఉంది. సహాయ నిధి నుంచి మనం ఇచ్చేది సాయం, ఒక రకంగా ఖైరాతు. పనిచేయించుకున్నవాడు ఇవ్వవలసింది హక్కు. ఈ రెంటినీ కలపకూడదు. హక్కుగా రావలసింది అడక్కుండా వదిలేసి ఖైరాతు కోసం చేయి చాపితే ఇద్దరికి నష్టం. అడగనివారికి నష్టం, ఆ సాయం నిజంగా అందవలసిన అనాథకూ, మంచాన పడ్డవారికీ నష్టం. హక్కు, బకాయి, అర్జీ, రసీదు అనే మాటలన్నీ అరబీ, ఫారసీల నుంచి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చినవే. మాటలు మన ఇళ్లలో నలిగినవే గానీ, అవసరం పడ్డప్పుడు వాటిని వాడుకోవడం మనకు అలవాటు కాలేదు.

"మాది పార్ట్ టైం కదండీ, మాకు చట్టం ఎక్కడిది?" అని చాలామంది అడుగుతారు. దీనికి సుప్రీం కోర్టే జవాబు చెప్పింది. ఒక బీమా కంపెనీ ఆఫీసులో ఊడ్చి, నీళ్లు మోసే మనిషిని తీసేస్తే, కంపెనీ వారు అతను పార్ట్ టైం గనుక కార్మికుడే కాదని వాదించారు. 2008లో సుప్రీం కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. యజమాని అజమాయిషీ కింద పనిచేసేవాడు పూట పనిచేసినా కార్మికుడేనని, తొలగించేటప్పుడు చట్టం చెప్పిన నోటీసు, పరిహారం అతనికీ వర్తిస్తాయని తేల్చింది.

ముక్కకింత అని కుట్టే టైలర్ల సంగతి అంతకంటే ముందే తేలింది. అదీ మన తెలుగు గడ్డ మీది కేసే. సికింద్రాబాదు టైలరింగు దుకాణం ఒకదాని విషయంలో 1973లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. అక్కడి దర్జీలు ఇష్టం వచ్చిన వేళకు వచ్చి పోయేవారు, కొందరు గుడ్డ ఇంటికి తీసుకుపోయి కుట్టేవారు, కూలి ముక్క లెక్కన. అయినా మిషన్లు దుకాణానివి, కుట్టు బాగా లేకపోతే విప్పి మళ్లీ కుట్టమనే అధికారం యజమానిది గనుక వాళ్లు ఆ దుకాణం ఉద్యోగులేనని కోర్టు చెప్పింది. 1978లో హైదరాబాదు సినిమా హాళ్ల కేసు వచ్చింది. క్యాంటీనులోనూ సైకిల్ స్టాండులోనూ కాంట్రాక్టరు పెట్టుకున్న కుర్రాళ్లకు కూడా ఇ.ఎస్.ఐ. కట్టవలసిందేనని, హాలు యజమాని తప్పించుకోలేడని అదే కోర్టు చెప్పింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నామంటే, "నీది సరైన ఉద్యోగం కాదు" అని ఎవరైనా అంటే తలవంచుకుని రావలసిన పని లేదని తెలియడానికి.

ఇక రావలసింది ఎంత అన్నది చూద్దాము. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఈ ఏర్పాటు ఉంది. ఏడాది కాలం ఎడతెగకుండా పనిచేసిన కార్మికుణ్ణి పని లేదని తీసేయాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇచ్చి పంపాలి. దాంతోపాటు పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం లెక్కన పరిహారం ఇవ్వాలి. చివర్లో ఆరు నెలలు దాటిన భాగాన్ని కూడా ఏడాది కిందనే లెక్కకడతారు. ఆ చట్టంతోపాటు మరికొన్ని చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లను కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చింది. పాత చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. నెల నోటీసు, 15 రోజుల లెక్క కొత్త దాంట్లోనూ అట్లాగే ఉన్నాయి. అదనంగా, తొలగించిన ప్రతి కార్మికుడి కోసం 15 రోజుల జీతం యజమాని ఒక నిధికి కట్టాలి, తొలగించిన 45 రోజుల్లోగా ఆ డబ్బు కార్మికుడి బ్యాంకు ఖాతాలో పడాలి అని కూడా చేర్చారు. వేరే పని నేర్చుకోవడానికని ఉద్దేశించిన డబ్బు అది.

ఏడాది కాలం ఎడతెగకుండా అంటే 365 రోజులూ అని భయపడకండి. తీసేసిన తేదీకి వెనకటి పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసి ఉంటే చాలు. జీతం ఇచ్చే ఆదివారాలు, సెలవులు కూడా ఆ లెక్కలోకి వస్తాయని 1985లో సుప్రీం కోర్టు చెప్పింది. పనిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉన్న రోజులు, ప్రసూతి సెలవు రోజులు కూడా కలుస్తాయి. పూటపని చేసినా పోయిన రోజు పోయిన రోజే, దాన్ని సగం రోజు అని కోయరు.

ఒక లెక్క వేసి చూపుతాము. నెలకు 5,200 రూపాయల జీతానికి ఆరేళ్లు పూటపని చేసిన మనిషి ఉన్నదనుకోండి. పదిహేను రోజుల జీతం 2,600. ఆరేళ్లకు 15,600. నోటీసు ఇవ్వకుండా పంపితే నెల జీతం 5,200. రెండూ కలిపి 20,800. కొత్త కోడ్ వచ్చాక తీసేసి ఉంటే పైన చెప్పిన నిధి కింద మరో 2,600. ఆ సంస్థలో పదిమంది లేక అంతకంటే ఎక్కువ మంది పనిచేస్తుంటే గ్రాట్యుటీ కూడా వస్తుంది. గ్రాట్యుటీలో నెల జీతాన్ని 26తో భాగిస్తారు. 5,200ను 26తో భాగిస్తే రోజుకు 200, పదిహేను రోజులకు 3,000, ఆరేళ్లకు 18,000. అన్నీ కూడితే 41,400 రూపాయలు. ఇది కాక నిలిచిపోయిన జీతం ఉంటే అది వేరు. నెలకు 5,200 తెచ్చుకునే ఇంటికి 41,400 అంటే దాదాపు ఎనిమిది నెలల బతుకు. ఇంత డబ్బు అడక్కుండా వదిలేసి మన దగ్గర బియ్యం మూట కోసం నిలబడుతున్నారు.

గ్రాట్యుటీ విషయంలో ఒక తేడా గుర్తుంచుకోండి. తొలగింపు పరిహారం యజమాని తీసేస్తేనే వస్తుంది. గ్రాట్యుటీ మాత్రం 1972 చట్టం నాటి నుంచీ ఐదేళ్లు నిండినవారికి వారంతట వారు మానుకున్నా వస్తుంది. అది ముప్పై రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యం చేస్తే వడ్డీ కట్టాలి. మనం అడగడం ఆలస్యమైనా, తగిన కారణం ఉంటే, ఆ ఒక్క సాకుతో తోసిపుచ్చడానికి వీల్లేదు.

అందుకనే యజమాని తెల్లకాగితం ముందుపెట్టి "ఆరోగ్యం బాగాలేక నేనే మానుకుంటున్నానని రాసి సంతకం పెట్టు, మిగిలిన జీతం ఇప్పుడే ఇస్తా" అంటే ఆ సంతకం పెట్టవద్దు. రాజీనామా రాసిస్తే ఎవరూ తీసేయలేదన్నమాటే. అనారోగ్యం వల్ల అన్న మాట రాసినా తొలగింపు పరిహారం దక్కదు. ఫుల్ అండ్ ఫైనల్ అని ముందే టైపు చేసిన కాగితం మీద చదవకుండా వేలిముద్ర వేయవద్దు. నిజంగా ముట్టిన డబ్బెంతో అంతే అంకెల్లో రాసి, తేదీ వేసి, కింద సంతకం చేయండి. చదువురాని తల్లులు ఇంట్లో ఇంటర్ చదివే పిల్లనైనా వెంట తీసుకుపోండి.

"నష్టాలు వచ్చి కార్ఖానా మూసేశాం, మేమెక్కణ్ణుంచి తెచ్చిచ్చేది?" అని యజమానులు అంటారు. వాళ్ల కష్టం అబద్ధమని మేము అనము. అయితే చట్టం దీన్ని ముందే ఊహించింది. మూసివేతలోనూ పరిహారం ఉంది. యజమాని చేతిలో లేని కారణం వల్ల మూతపడితే పరిహారం మూడు నెలల సగటు జీతానికి మించదు. కానీ నష్టాలు రావడం, సరుకు అమ్ముడుపోక నిలిచిపోవడం, లీజు గడువు తీరడం మాత్రమే అటువంటి కారణాలు కావని చట్టంలోనే రాసి పెట్టారు.

బట్టల కొట్లు, మందుల షాపులు, హోటళ్లలో పనిచేసేవారికి 1988 నాటి మన రాష్ట్ర దుకాణాల, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసినవారిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయరాదని అందులో ఉంది. కాబట్టి "మాది కొట్టు, కంపెనీ కాదు" అన్న మాట కూడా నిలవదు.

ఇప్పుడు నిరుద్యోగ భృతి మాట. పని పోయిన ప్రతి మనిషికీ నెలనెలా డబ్బిచ్చే ఏర్పాటు మన దేశంలో లేదు. మన రాష్ట్రంలో 2018 అక్టోబరు 2న ప్రారంభించిన యువనేస్తం, చదువు పూర్తిచేసి ఉద్యోగం దొరకని యువకుల కోసం పెట్టినది, 2019 తర్వాత ఆగిపోయింది. అది పని పోయినవారికి ఉద్దేశించినది కాదు. పని పోయినవారికి ఉన్నది ఇ.ఎస్.ఐ. దారి. గిద్దలూరు నుంచి హైదరాబాదు, బెంగుళూరు, గుంటూరు పోయి కంపెనీల్లో పనిచేసే మన పిల్లలు దీన్ని శ్రద్ధగా వినాలి. నెల జీతం 21,000 లోపు ఉండి జీతంలోంచి ఇ.ఎస్.ఐ. చందా కోస్తున్నారంటే అది ఆస్పత్రి కోసం మాత్రమే కాదు. 2018 జూలై 1న అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని ఒక పథకం పెట్టారు. మొదట పని పోయినవారికి సగటు సంపాదనలో నాలుగోవంతు ఇచ్చేవారు. కరోనా వచ్చాక 2020 మార్చి 24 నుంచి దాన్ని సగానికి పెంచారు. గరిష్ఠంగా 90 రోజులకు, జీవితంలో ఒక్కసారి. తప్పు చేసి తీసేసినవారికి, వారంతట వారు విరమణ తీసుకున్నవారికి ఇది రాదు. ఈ పథకానికి గడువు పెట్టి పొడిగిస్తూ వచ్చారు గనుక, పని పోయిన వెంటనే దగ్గరలోని ఇ.ఎస్.ఐ. బ్రాంచి ఆఫీసులో అడగాలి. 2005 ఏప్రిల్ 1న మొదలైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన అని ఇంకొకటి కూడా ఉంది, అది తొలగింపు వల్ల, మూసివేత వల్ల పని పోయినవారి కోసం. తమకు ఏది వర్తిస్తుందో అక్కడే తేల్చుకోవాలి. ఆధార్, బ్యాంకు పుస్తకం, ఇ.ఎస్.ఐ. నంబరు మూడింట్లోనూ పేరు ఒక్కలాగే ఉండేట్టు పని ఉన్నప్పుడే సరిచేయించుకోండి. మన పేర్లలో షేక్, సయ్యద్, పఠాన్ ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట అసలు లేకుండా ఉంటాయి. ఆ ఒక్క తేడాతో డబ్బు ఆగిపోయినవాళ్లను మేము చూశాము.

చుట్టుపక్కల పల్లెల్లో ఉపాధి హామీ పనికి పోయేవారికీ ఒక మాట. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకాన్ని ప్రారంభించారు. పని అడిగిన 15 రోజుల్లోగా ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని 2005 చట్టంలో ఉంది. మొదటి ముప్పై రోజులకు కూలిలో నాలుగోవంతు, ఆ తర్వాత సగం తగ్గకుండా. 2025 డిసెంబరులో దాని స్థానంలో 125 రోజుల హామీతో కొత్త చట్టం చేశారు. చట్టంలో ఇంత స్పష్టంగా ఉన్నా ఆ భృతి తీసుకున్నామని చెప్పే మనిషి మాకు ఎదురుపడలేదు. పని కావాలని నోటితో అడుగుతారు గానీ, అర్జీ ఇచ్చి తేదీ వేసిన రసీదు తీసుకోరు. రసీదు లేనిదే పదిహేను రోజులు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలి?

దుబాయిలో ఉన్న మన పిల్లలకు కూడా కబురు పంపండి. అక్కడి ప్రభుత్వం 2023 జనవరి 1 నుంచి పని పోయినవారికి బీమా పెట్టింది. అసలు జీతం 16,000 దిర్హాముల లోపు ఉన్నవారు నెలకు 5 దిర్హాములు కట్టాలి. వరుసగా 12 నెలలు కట్టి ఉంటే, పని పోయినప్పుడు అసలు జీతంలో 60 శాతం, మూడు నెలలకు మించకుండా ఇస్తారు. పని పోయిన ముప్పై రోజుల్లోగా అడగాలి. ఇళ్లలో పనిచేసేవారికి మాత్రం ఇది లేదు. విమానం టిక్కెట్టు చేతికి రాగానే ఇంటికొచ్చేస్తే ఆ డబ్బు అక్కడే పోతుంది.

పూటపని అంటే చాలావరకు ఆడవాళ్ల పని. ఇది మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో 1965లో పని పోయినవారికి పరిహారం ఇచ్చే చట్టం చేశారు. కానీ వారానికి కొన్ని గంటల కంటే తక్కువ పనిచేసేవారికి అది అందాలంటే మిగతావారికంటే ఎక్కువ ఏళ్ల సర్వీసు ఉండాలని మెలిక పెట్టారు. అటువంటివారిలో ఎక్కువమంది ఆడవాళ్లు గనుక ఆ మెలిక వివక్షేనని 1994లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది, మరుసటి ఏడు దాన్ని తీసేశారు. ఇంటిపని చూసుకుని పూట మాత్రమే బయటికి పోగలిగిన మనిషి శ్రమకు విలువ తక్కువ కాదని ఒప్పుకోవడానికి అంత పెద్ద దేశానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.

మా ఉపసంఘం దగ్గరకు వచ్చిన ఒక అర్జీ సంగతి చెబుతాము. పేరూ ఊరూ అక్కర్లేదు. భర్త లేని మనిషి. ఒక చిన్న కార్ఖానాలో ఆరేళ్లు పూటపని చేసింది, పైన వేసిన లెక్క ఆమెదే. రావద్దన్నాక మా దగ్గరకు బియ్యం కోసం వచ్చింది. మా వాళ్లు బియ్యం ఇచ్చి, "నీకు రావలసింది అడిగావా ఆపా?" అన్నారు. "పూటపనికి ఏం వస్తుంది నాయనా, ఆయన మంచివాడు, పండక్కి బట్టలు పెట్టేవాడు" అంది. చేతిలో నియామకం కాగితం లేదు, హాజరు పుస్తకం యజమాని దగ్గరుంది. అయితే ఆమె కూతురు అమ్మ పనికి పోయిన రోజు గోడ క్యాలెండరు మీద సున్న చుట్టేది, పాల లెక్క పక్కనే. చివరి రెండేళ్ల జీతం ఫోన్‌పేలో పడింది, ఆ వివరాలు బ్యాంకు నుంచి తీయించాము. పన్నెండు నెలల్లో 271 రోజులు తేలాయి.

ఆ యజమాని కూడా మనలో ఒకడే, సంఘానికి చందా ఇచ్చేవాడే. మా వాళ్లు ఇద్దరు ఇంటికి పోయి కూర్చుని మాట్లాడారు. మొదట ఆయన కోపపడ్డాడు. "నేను సంఘానికి ఇస్తున్నా కదా, మీరు ఆమెకు ఇవ్వండి" అన్నాడు. "మీరు సంఘానికి ఇచ్చేది మీ పుణ్యం కోసం, ఆమెకు ఇవ్వవలసింది ఆమె బకాయి. ఆ బాకీ ఈ డబ్బుతో తీరదు" అని మా పెద్దాయన నెమ్మదిగా చెప్పారు. ఆయన లెక్క రెండుసార్లు వేసుకున్నాడు. తన దగ్గర పనిచేసేది ఎనిమిది మందే గనుక గ్రాట్యుటీ తనకు వర్తించదన్నాడు. అది నిజమే, మేము ఒప్పుకున్నాము. 20,800 రూపాయలు రెండు విడతల్లో ఇచ్చాడు, రెండుసార్లూ రసీదు రాయించుకున్నాడు. ఆమె ఆ డబ్బుతో పాత కుట్టుమిషను కొనుక్కుంది. ఇప్పటికీ ఇద్దరూ ఎదురుపడితే సలాం చెప్పుకుంటారు. అడిగితే మాటలు పోతాయని, పెద్దవాళ్లతో విరోధం వస్తుందని మనకున్న భయం అన్నివేళలా నిజం కాదు.

అన్నీ ఇట్లా ఇంట్లో కూర్చుని తేలవు. తేలనప్పుడు ఏం చేయాలో వినండి. ముందుగా యజమానికి రాతపూర్వకంగా అడగాలి. ఎప్పుడు చేరారు, ఎంత జీతం, ఏ తేదీన రావద్దన్నారు, ఏమేమి రావాలి, ఇవి ఒక పేజీలో రాస్తే చాలు. చేతికిచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి ఆ చీటీ దాచుకోండి. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులోనే కలిపేశారు. జవాబు రాకపోతే లేబర్ ఆఫీసులో సహాయ కార్మిక అధికారికి అర్జీ పెట్టండి. ఆయన ఇరువురినీ పిలిచి రాజీ కుదర్చడానికి చూస్తారు. 45 రోజుల్లో కుదరకపోతే నేరుగా కార్మిక న్యాయస్థానానికి పోవచ్చు. పాత చట్టంలో దీనికి మూడేళ్ల గడువు ఉండేది, కొత్త కోడ్‌లో రెండేళ్లే. లాయరు ఖర్చుకు భయపడకండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకూ, పారిశ్రామిక కార్మికులకూ ఆదాయం ఎంతైనా ఉచితంగా లాయరును ఇస్తారు. కోర్టులోని న్యాయసేవా సంఘంలో అడగండి.

అన్నిటికంటే కష్టమైన చోటు ఒకటి ఉంది. 240 రోజులు పనిచేశానని రుజువు చేయవలసిన భారం ముందుగా కార్మికుడిదేనని, ఉత్త ప్రమాణపత్రం చాలదని సుప్రీం కోర్టు 2002లో చెప్పింది. అంటే న్యాయం మన వైపు ఉన్నా కాగితం లేకపోతే ఓడిపోతాము. బాకీలు రాసుకోవాలని, సాక్షుల్ని పెట్టుకోవాలని ఖుర్ ఆన్ షరీఫ్‌లో ఎంత వివరంగా ఉన్నదో మన హజ్రత్‌లు చాలాసార్లు చెప్పారు. అప్పు విషయంలో పాటించే ఆ జాగ్రత్త జీతం విషయంలో ఎందుకు వదిలేయాలి? జీతం కూడా బాకీయే కదా. పనికి పోయిన రోజులు క్యాలెండరు మీద గుర్తుపెట్టుకోండి. జీతం బ్యాంకులోనో ఫోన్‌లోనో వేయమనండి. చేతికిస్తే ఒక చిన్న పుస్తకంలో సంతకం అడగండి. గుర్తింపు కార్డు, హాజరు చీటీ, యజమాని పంపిన మెసేజి, పక్కన పనిచేసినవారి పేర్లు, ఏదీ పారేయవద్దు. ఇదంతా పని ఉన్న రోజుల్లో చేయవలసిన పని. పని పోయాక వెతికితే దొరకదు.

యజమానులుగా ఉన్న మన సోదరులకు కూడా ఒక మనవి. మీరు పెద్ద కంపెనీలు కారు, మీ కొట్టు నడవడమే కష్టమని మాకు తెలుసు. కానీ నోటీసూ పరిహారమూ ఇవ్వకుండా తీసేస్తే ఆ తీసివేత చెల్లదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి కట్టేదానికంటే ఏడాదికి పదిహేను రోజుల లెక్క చిన్నది. పనివాళ్లను తగ్గించవలసి వస్తే చివర చేరినవారిని ముందు తీయాలని, మళ్లీ మనుషులు కావలసి వస్తే తీసేసినవారికి ముందు కబురు పెట్టాలని కూడా చట్టంలో ఉంది. ఏడాదికి పదిహేను రోజుల జీతం ఒక డబ్బాలో పక్కన పెట్టుకుంటూ పోతే ఆ రోజు వచ్చినప్పుడు బరువుగా ఉండదు.

చివరగా కార్యవర్గం వారికి మా ఉపసంఘం ప్రతిపాదన. సహాయ నిధి అర్జీ ఫారంలో ఈ సంవత్సరం నుంచి రెండు వరుసలు చేర్చండి: "ఎక్కడ, ఎన్నాళ్లు పనిచేశారు?" "రావలసిన బకాయి అడిగారా?" ప్రతి జుమా నమాజు తర్వాత ఒక గంట సంఘం కార్యాలయంలో చదువుకున్న పిల్లలు ఇద్దరు కూర్చుంటే, అర్జీ రాయించుకోవలసినవారు వచ్చి రాయించుకుంటారు. దానికి కావలసింది ఒక బల్ల, కొన్ని తెల్లకాగితాలు, ఓపిక. బియ్యం మూట ఎప్పటిలాగే ఇద్దాము, ఆకలికి రుజువు అడగనక్కర్లేదు. కానీ ఆ మూట అందుకున్న మనిషి వెనక్కి తిరిగేలోపు, ఆమె బకాయి ఎక్కడుందో ఒక్కమాట అడిగి రాసుకుందాము.